కుడితి తొట్టి నుంచి ట్రాక్టర్ లోడు దాకా

హోస్ట్: నమస్తే అండీ. ఈసారి స్టూడియో లేదు. మా బావ వాళ్ల ఇంటి వెనక, కొట్టం పక్కన మంచం వేసుకుని కూర్చున్నాం. మధ్యలో 'అంబా' అని వినిపిస్తే అది సౌండ్ ఎఫెక్ట్ కాదు, నిజం ఆవే. బావ చిత్తూరు జిల్లాలో పశువుల డాక్టరు. బావా, సూటిగా అడుగుతా. మా అపార్ట్‌మెంట్‌లో రోజూ బస్తాడు పండ్ల తొక్కలు, కూరగాయల చెక్కు చెత్తలోకి పోతున్నాయి. ఆవులకు వేస్తే పుణ్యమే కదా?

బావ: వేయొచ్చురా. మీ నాయనమ్మ చేసిందీ అదేగా. కుడితి తొట్టి గుర్తుందా?

హోస్ట్: తొట్టి కన్నా ఆ వాసన బాగా గుర్తుంది.

బావ: (నవ్వు) బియ్యం కడిగిన నీళ్లు, గంజి, బీరకాయ చెక్కు, అరటి తొక్క, గుప్పెడు తవుడు, కాస్త ఉప్పు. ఏ రోజు చూసినా దాదాపు అంతే. మనం తిన్నదాన్ని బట్టే తొక్క. అందుకే ఆవుకు ఏమీ అయ్యేది కాదు. దాని పెద్దపొట్టలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి, మేతను అరిగించేది అవే. వాటికి అలవాటైన తిండి కావాలి. ఇప్పుడేమో నెల రోజులు ఏమీ ఉండదు, ఒకరోజు ట్రాక్టర్ లోడు దిగుతుంది.

హోస్ట్: ట్రాక్టర్ లోడు తొక్కలు ఎవరిస్తారు బావా?

బావ: జూన్, జూలైల్లో వచ్చి చూడు. తోతాపురి మామిడి సీజన్. మా చుట్టుపక్కలంతా గుజ్జు ఫ్యాక్టరీలే. గుజ్జు తీశాక కాయ బరువులో దాదాపు సగం దాకా తొక్క, టెంకే మిగులుతుంది. రెండు రోజులాగితే పులిసి ఈగలు ముసురుతాయి. వాళ్లకది వదిలించుకోవాలి, మనవాళ్లకేమో ఉచితం. 2025లో అయితే కాయనే అడిగేవాడు లేడు, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి ఏడాది పశువుల ముందు పండ్లు ఎలా పోస్తారో చెప్పక్కర్లేదు.

హోస్ట్: పోస్తే ఏమవుతుంది? తియ్యగా ఉంటుంది, తింటుంది.

బావ: అదే చిక్కు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ రాత్రి ఫోనొచ్చింది. వెళ్లేసరికి మూడు ఆవులు పడి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం ఆ రైతు తొక్క కుప్ప పోసి, తాళ్లు విప్పేశాడు. చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. పొట్టలో ఒక్కసారిగా ఆమ్లం పెరిగిపోయింది. నెమరు ఆగిపోతుంది, పళ్లు నూరుతుంది, పేడ నీళ్లలా పోతుంది. మేం అసిడోసిస్ అంటాం. తినే సోడా పట్టించాం, సెలైన్లు ఎక్కించాం. రెండు లేచాయి, ఒకటి తెల్లారేసరికి పోయింది. అతను నాతో ఒకే మాటన్నాడు, 'పండే కదా సార్ పెట్టింది.'

హోస్ట్: అయ్యో.

బావ: పెళ్లిళ్ల సీజన్‌లోనూ ఇదే కథ. మిగిలిన అన్నం గంపలకొద్దీ తెచ్చి పోస్తారు. మామిడి తొక్క కన్నా నాకు పెళ్లి అన్నం అంటేనే టెన్షన్. పుణ్యానికి పెట్టిన అన్నంతో పోయిన ఆవుల్ని చాలానే చూశాను.

హోస్ట్: మరైతే తొక్క జోలికే పోవద్దంటావా?

బావ: అనను. వాడే పద్ధతి ఉంది. ముందు లెక్క చూడు. 400 కిలోల ఆవుకు రోజుకు ఓ 10 కిలోల ఎండు పదార్థం, అంటే మేతలో నీళ్లు పోగా మిగిలేది, కావాలి. కూరగాయల్లో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు నీళ్లే. అంటే వాటితోనే కడుపు నింపాలంటే 100 కిలోలు మోయాలి. ఊరు దాటి తెచ్చుకున్నావంటే డీజిల్ పోసి నీళ్లు మోసుకొచ్చినట్టే. అందుకే ఇది పక్కనున్నవాడికి లాభం, దూరంగా ఉన్నవాడికి కాదు. ఎంత దగ్గరున్నా మొత్తం మేతలో పావు వంతు దాటనివ్వొద్దని చెబుతా. అదీ పది, పదిహేను రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. ముందు వరిగడ్డో చొప్పో వేసి, తర్వాతే ఇది.

హోస్ట్: లోడు మాత్రం ఒకేసారి వస్తుందిగా?

బావ: అప్పుడు పాతర వేయాలి. సైలేజ్ రా. 100 కిలోల తాజా మామిడి తొక్కకు 20, 25 కిలోల వరిగడ్డి సన్నగా కత్తిరించి కలుపు. తొక్కలో నీళ్లెక్కువ, గడ్డి ఆ నీళ్లను పీల్చుకుంటుంది. గుప్పిట్లో పిండితే చెయ్యి తడవాలి గానీ నీరు కారకూడదు. డ్రమ్ములోనో మందపాటి సంచిలోనో వేసి, గాలి లేకుండా తొక్కి తొక్కి మూత కట్టెయ్. నెల తర్వాత తియ్య పులుపు వాసన రావాలి. బూజు పట్టిన చోట ఆలోచించకు, తీసి పారెయ్. బూజులోని విషం పాలలోకి కూడా దిగుతుంది. బెంగళూరులో జాతీయ పశు పోషణ సంస్థ వాళ్లు అనాస వ్యర్థంతో ఇలాగే సైలేజ్ చేసి చూపించారు.

హోస్ట్: మరి టెంకల సంగతి?

బావ: తొక్కలోంచి ఏరెయ్యాలి. గొంతుకు అడ్డం పడితే గాలి బయటికి పోక కడుపు డోలులా ఉబ్బుతుంది. బీట్‌రూట్, బంగాళాదుంప కూడా అంతే, ముక్కలు చేసే వెయ్యాలి. పచ్చబడిన దుంప, మొలకలు అసలొద్దు. కాలీఫ్లవర్ ఆకు మాత్రం మంచి మేత, మాంసకృత్తులు బాగుంటాయి. మార్కెట్లో అది పారేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

హోస్ట్: ఉల్లిపాయ? ధర పడితే పొలంలోకి గొర్రెల్ని వదిలేస్తుంటారు.

బావ: గొర్రె, మేక కాస్త తట్టుకుంటాయి. ఆవు తట్టుకోలేదు. ఎక్కువైతే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి మూత్రం కాఫీ రంగులో వస్తుంది. కర్రపెండలం తొక్కా పచ్చిగా వద్దు, అందులో సైనైడ్ ఉంటుంది. బాగా ఎండబెడితే చాలావరకు పోతుంది.

హోస్ట్: సిటీ మార్కెట్ల సంగతేంటి? హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల చెత్తతో కరెంటు తీస్తున్నారుగా.

బావ: రోజుకు 10 టన్నుల దాకా వ్యర్థంతో బయోగ్యాస్. నాకది నచ్చింది. కుళ్లింది, బురదలో తొక్కిందీ అటే పోవాలి. తెల్లవారుజామున ఏరిన శుభ్రమైన ఆకు మాత్రం పశువుకు రావాలి. రెండూ కలిపేస్తేనే గొడవ.

హోస్ట్: సరే, మా అపార్ట్‌మెంట్ బస్తా?

బావ: కవర్లో కట్టి ఉంటుందా?

హోస్ట్: అన్నీ కవర్లే. ముడేసి మరీ పెడతారు.

బావ: అయితే ముందు మూత లేని బకెట్ ఒకటి పెట్టించు. ఆవు ముడి విప్పుకోలేదురా, వాసనకు కవరుతో సహా మింగేస్తుంది. కడుపు కోసి బుట్టెడు ప్లాస్టిక్, దాంతో పాటు మేకులు, తీగ ముక్కలు తీశాను. ఆ తీగ కదిలి కదిలి గుండె దాకా వెళ్తుంది. బకెట్‌లో పిన్నులు, రబ్బరు బ్యాండ్లు లేకుండా చూసే పని ఒకరు ఒప్పుకుంటే చెప్పు, దగ్గర్లో ఏ డెయిరీ ఉందో నేను కనుక్కుంటా.

హోస్ట్: సెక్రటరీ గారిని అడగాలి. ఆయన కుండీల కంపోస్ట్‌కే మూడు మీటింగులు పెట్టారు.

బావ: అడిగి చూడు. నేను లేస్తా, పాలు తీసే వేళయింది.