బరువుతో దిగే మోకాలు: ఆపరేషన్ తర్వాత మళ్ళీ వేటకు

అందరికీ నమస్కారం.

ఈ రోజు విషయం మోకాలు. ముందరి క్రూసియేట్ లిగమెంటు, అంటే తొడ ఎముకను కింది కాలి ఎముకతో కట్టి ఉంచే, అందరూ ఏసీఎల్ అనే పట్టీ, తెగిపోయి కొత్తది వేయించుకున్నవాళ్ళు, దానితోపాటు మెనిస్కస్, అంటే ఆ రెండు ఎముకల మధ్య ఉండే మెత్త, కుట్టించుకున్నవాళ్ళు మళ్ళీ వేటకు ఎప్పుడు వెళ్ళవచ్చు, ఎలా వెళ్ళాలి అన్నదే ప్రశ్న. చట్టం అనుమతించిన చోట, లైసెన్సుతో, సీజన్‌లో చేసే వేట గురించే ఈ మాటలన్నీ.

సీజన్ మొదలయ్యే తేదీ చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టి ‘ఇంకా ఇన్ని వారాలుంది, సరిపోతుంది’ అనుకోవడం చాలామందికి అలవాటు. అది తప్పు లెక్క. ఆపరేషన్ రోజు నుంచి ముందుకు లెక్కపెట్టాలి. ఎందుకో చెప్తాను. తొడ వెనక స్నాయువు నుంచి గానీ, మోకాలిచిప్ప కింది స్నాయువు నుంచి గానీ, చిప్ప పైన ఉండే స్నాయువు నుంచి గానీ ఒక ముక్క తీసి లిగమెంటు స్థానంలో పెడతారు. దాన్నే గ్రాఫ్టు అంటాం. ఎముకలో తొలిచిన సొరంగంలో అది అతుక్కోవడానికి సుమారు 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ వారాల్లోనే ముక్కలోని పాత కణాలు చనిపోయి, కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు లోపలికి వస్తుంటాయి. అందుకే అప్పుడు గ్రాఫ్టు పెట్టిన రోజు కన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే నొప్పి తగ్గుతుంది, కుంటు పోతుంది, మోకాలు బాగైపోయిందనిపిస్తుంది. ఆ ధైర్యమే ప్రమాదం.

2016లో వెలువడిన డెలావేర్-ఓస్లో అధ్యయనంలో, 9 నెలల వరకు ఆటకు దూరంగా ఉన్న ఒక్కొక్క నెలకూ మళ్ళీ గాయపడే రేటు సుమారు సగానికి తగ్గుతూ వచ్చింది. అది ఆటగాళ్ళ మీద చేసిన పని, వేటలో గెంతులెక్కడున్నాయి అని అడగవచ్చు. బురదలో పాదం కూరుకుపోయి మొండెం మాత్రం తిరిగినప్పుడు మోకాలి మీద పడే మెలి, మైదానంలో పడే మెలి లాంటిదే. పైగా వేటలో వీపు మీద బరువుంటుంది, సాయంత్రానికి కాళ్ళు అలిసిపోయి ఉంటాయి. అందుకే నా సలహా ఇది. చదునైన నేల మీద, బండికి దగ్గర్లో కూర్చుని మాటు వేసే వేటకు, సర్జన్ ఒప్పుకుంటే 6 నెలల తర్వాత వెళ్ళవచ్చు. కొండ ఎక్కి, మాంసం మోసుకుని దిగే వేటకు 9 నెలలు నిండాలి. మెనిస్కస్ కూడా కుట్టి ఉంటే 12 నెలలు ఆగమనే చెప్తాను.

నెలలు గడవడం ఒక్కటే చాలదు. మోకాలు కొన్ని పరీక్షలు నెగ్గాలి.

మొదటిది, కాలు పూర్తిగా చాచగలగాలి. రెండో కాలితో పోలిస్తే 5 డిగ్రీలు తక్కువ చాచినా నడిచే ప్రతి అడుగులో తొడ ముందు కండరం ఊరట లేకుండా పనిచేస్తుంది, మధ్యాహ్నానికే వణుకుతుంది. బోర్లా పడుకుని, మోకాళ్ళ కింది భాగం మంచం అంచు దాటి వేలాడేలా పెట్టి, రెండు మడమల ఎత్తూ చూడమనండి. ఒక మడమ పైకి ఉంటే ఆ కాలు ఇంకా చాచుకోలేదన్నమాట. వారాలు గడిచినా అది దిగకపోతే, చాచినప్పుడు ముందు వైపు ఏదో అడ్డం పడ్డట్టుంటే, గ్రాఫ్టు ముందు మచ్చకణజాలం గడ్డ కట్టి ఉండవచ్చు. వ్యాయామంతో అది పోదు, సర్జన్‌కి చూపించాలి.

రెండోది, మోకాలికి నీరు పట్టకూడదు. ఇది చాలామంది చిన్నచూపు చూసే విషయం. 20, 30 మిల్లీలీటర్లు, అంటే ఆరు టీస్పూన్ల లోపు నీరు చేరినా చాలు, తొడ లోపలి వైపు కండరాన్ని శరీరమే ఆపేస్తుంది. నొప్పి లేకపోయినా ఆపేస్తుంది. ‘మోకాలు ఉన్నట్టుండి వదిలేసింది’ అని చెప్పేవాళ్ళలో కొందరికి గ్రాఫ్టు బాగానే ఉంటుంది, ఈ కండరమే సమయానికి స్పందించి ఉండదు. నీరు ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. కాలు చాచి, తొడ వదులు చేసి, మోకాలి లోపలి పక్కను కింది నుంచి పైకి రెండు మూడుసార్లు అరచేత్తో నిమరండి. తర్వాత బయటి పక్కను పై నుంచి కిందికి ఒకసారి నిమరండి. లోపలి పక్క గుంటలో అలలా ఉబ్బితే నీరుంది. సాధన చేసిన మర్నాడు పొద్దున్నే ఇది చూడాలి. నీరు కనిపిస్తే నిన్నటి పని ఎక్కువైంది, ఈ రోజు తగ్గించాలి.

మూడోది బలం. సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీలోంచి ఒంటికాలి మీద లేచి కూర్చోవడం ఎన్నిసార్లు చేయగలరో రెండు కాళ్ళకూ లెక్కపెట్టండి. ఆపరేషన్ అయిన కాలు, రెండో కాలు చేసినదానిలో 90 శాతమైనా చేయాలి. ఇక్కడొక మోసం ఉంది. నెలల తరబడి తిరక్కపోవడంతో మంచి కాలు కూడా నీరసించి ఉంటుంది. నీరసించిన కాలితో పోల్చుకుని తృప్తిపడకూడదు, కాబట్టి రెండింటినీ పెంచాలి. క్లినిక్‌లో యంత్రంతో తొడ బలం కొలిపించుకోగలిగితే ఇంకా మంచిది. టేపుతో తొడ చుట్టుకొలత చూసుకుని ధైర్యపడొద్దు, అది బలం చెప్పదు. ఒంటికాలి మీద నిలబడి రెండో పాదాన్ని నేల మీదుగా ముందుకు ఎంత దూరం చాచగలరో కూడా కొలవండి. రెండు కాళ్ళ మధ్య తేడా 4 సెంటీమీటర్ల లోపుంటే నిలకడ వచ్చినట్టే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. వేటగాళ్ళు ఎక్కడానికి సాధన చేస్తారు. మెట్లెక్కుతారు, ట్రెడ్‌మిల్ ఏటవాలుగా పెట్టుకుని నడుస్తారు. మోకాలు ఎక్కువగా దెబ్బతినేది దిగేటప్పుడు. దిగే ప్రతి అడుగులో తొడ ముందు కండరం సాగుతూ, సాగుతూనే బ్రేకు వేయాలి. ఆ పని ఎక్కడం వల్ల రాదు. దిగడం నేర్పితేనే వస్తుంది. వేటలో ఆ దిగుడు రోజు చివర్లో, చీకటి పడే వేళ, జంతువు దొరికితే పొద్దున ఎక్కినప్పటి కన్నా ఎక్కువ బరువుతో ఉంటుంది.

దీనికి సాధన 10 సెంటీమీటర్ల మెట్టుతో మొదలవుతుంది. ఆపరేషన్ అయిన కాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలి మడమ నేలకు తాకీ తాకనట్టు మూడు సెకన్లలో దిగాలి, మళ్ళీ లేవాలి. ఎనిమిదేసి సార్లు, మూడు విడతలు, వారానికి మూడు రోజులు. మోకాలు లోపలికి వాలకూడదు, పాదం రెండో వేలి మీదుగా సాగాలి. నడుము ఒక పక్కకు కుంగితే మెట్టు ఎత్తు ఎక్కువైనట్టు. అద్దం ముందు చేయండి, లేదా ఫోన్‌లో వీడియో తీసుకోండి, ఎందుకంటే మోకాలు లోపలికి వాలడం చేసేవాళ్ళకు తెలియదు. నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాటికి నీరు పట్టకుండా రెండు వారాలు గడిస్తే 15 సెంటీమీటర్లకు, తర్వాత 20కి వెళ్ళాలి. 20 సెంటీమీటర్ల మెట్టు నిలకడగా దిగలేని మోకాలు దుంగ దాటి దిగలేదు.

వీపు బరువు ఒంటి బరువులో 5 శాతంతో మొదలుపెట్టండి. 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు. వారానికి 2 కిలోలకు మించకుండా పెంచుతూ 20 శాతం దాకా, అంటే 14 కిలోల దాకా తీసుకెళ్ళవచ్చు. దూరం, బరువు, ఏటవాలు ఈ మూడింటిలో ఒక వారంలో ఒక్కటే మారాలి. మూడూ కలిపి పెంచినప్పుడు మోకాలు వాస్తే ఏది కారణమో తెలియదు. సంచిలో రాళ్ళ బదులు నీళ్ళ సీసాలు పెట్టుకోండి. మొదటి వారాల్లో బరువుతో ఎక్కి, పైన నీళ్ళు పారబోసి, ఖాళీగా దిగాలి. చివరి నాలుగైదు వారాల్లో సగం నీళ్ళతో, ఆ తర్వాత పూర్తి నీళ్ళతో దిగాలి. ఒంటి బరువు గురించి కూడా ఒక మాట. మోకాలి అరుగుదల ఉన్న బరువెక్కువ పెద్దవాళ్ళలో కొలిచినప్పుడు, ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద భారం నాలుగు కిలోలు తగ్గింది. తుపాకి బరువు రెండు వందల గ్రాములు తగ్గించడానికి డబ్బు పోసేవాళ్ళు ఇది ఆలోచించాలి.

చేతికర్రలు రెండూ తీసుకెళ్ళండి. దిగేటప్పుడు మోకాలి మీద భారాన్ని ఇవి పావు వంతు వరకు తగ్గించగలవు. దిగుడులో వాటిని 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడుగు చేసుకోవాలి. లేవడానికి తుపాకిని ఊతకర్రగా వాడకూడదు. ఈ మాట కొత్తవాళ్ళకే కాదు, అలసినప్పుడు పాతవాళ్ళకీ అవసరమే.

వేటలో కూర్చునే తీరు చూద్దాం. కుడిచేతి వాటం వాళ్ళు మోకాళ్ళ మీద నుంచి కాల్చేటప్పుడు కుడి మోకాలు నేలకు ఆన్చి, కుడి మడమ మీద కూర్చుంటారు. అంటే కుడి మోకాలు పూర్తిగా మడిచి దాని మీదే బరువు వేయడం. ఆపరేషన్ అయింది కుడి మోకాలైతే ఈ భంగిమ మానేసి, ముక్కాలి స్టాండు మీద తుపాకి ఆన్చి, కూర్చునో నిలబడో కాల్చడం నేర్చుకోవాలి. చిప్ప కింది స్నాయువు నుంచి గ్రాఫ్టు తీసినవాళ్ళకు మోకాలు నేలకు ఆనిస్తే నొప్పి ఎక్కువకాలం ఉంటుంది. ఎడమదైతే భంగిమ ఫర్వాలేదు, లేవడం దగ్గరే భారం పడుతుంది. మెనిస్కస్ కుట్టినవాళ్ళు 90 డిగ్రీలు దాటి మడిచి బరువు వేయడం కనీసం 4 నుంచి 6 నెలలు మానాలి. వాళ్ళు మరిచిపోయేది జంతువును కోసే పని. గొంతుక్కూర్చుని గంటసేపు కత్తి పని చేస్తే మోకాలి గతి అంతే. చెట్టుకు వేలాడదీసి నిలబడి కోయండి, కుదరకపోతే కింద చాప వేసుకుని ఆ కాలు చాచి కూర్చుని కోయండి.

మంచె ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. నేల వదిలిన క్షణం నుంచి మళ్ళీ నేల తాకే దాకా ఒంటికి పూర్తి హార్నెస్, తాడు తగిలించి ఉండాలి. నిచ్చెన మీద ఎప్పుడూ మూడు అవయవాలు ఆనుకుని ఉండాలి. తుపాకిలో తూటా తీసేసి తాడుతో పైకి లాక్కోవాలి. చివరి మెట్టు నుంచి దూకడం వద్దు, ఆ అరమీటరు దూకుడే కుట్టును తెంపగలదు. పైన కూర్చునే ఆసనం తుంటి కన్నా మోకాలు కిందికి ఉండేంత ఎత్తుండాలి. చలిలో కదలకుండా కూర్చుంటే మోకాలు బిగుసుకుంటుంది. 20 నిమిషాలకోసారి మడమ నెమ్మదిగా ముందుకు చాచి, తొడ బిగించి 5 సెకన్లు ఉంచి వదలండి, పదిసార్లు. చప్పుడు కాదు. దిగే ముందు ఒక నిమిషం నిలబడి రెండు కాళ్ళ మీద బరువు మార్చుకుంటూ ఉండండి.

గాటు పక్కన, మోకాలి బయటి ముందు భాగంలో చర్మం మొద్దుబారి ఉండటం మామూలే. ఆపరేషన్‌లో చిన్న చర్మనాడి తెగడమో సాగడమో కారణం. కొందరికి అది శాశ్వతం. ముల్లు గుచ్చినా, పురుగు కరిచినా తెలియదు, కాబట్టి రాత్రికి ఆ చోటు వెలుతురులో చూసుకోవాలి. వెచ్చదనం కోసం వేడి ప్యాకెట్లు నేరుగా ఆ చర్మం మీద పెడితే కాలినా తెలియదు.

బ్రేస్ గురించి, అంటే మోకాలికి వేసుకునే కీళ్ళున్న పట్టీ గురించి. అది మోకాలిని మళ్ళీ తెగకుండా కాపాడుతుందనడానికి గట్టి రుజువు లేదు, ధైర్యం మాత్రం ఇస్తుంది. వేసుకుంటే పలచటి బిగుతు లాగు మీద వేసుకోండి. పిక్క పైన ఉండే పట్టీ ముందు బిగించాలి, కిందికి జారకుండా ఆపేది అదే. నడిచిన పావుగంటకు ఒకసారి ఆగి మళ్ళీ బిగించండి. కీలు టకటకలాడుతుందా, వెల్క్రో పట్టీ చరచర లాడుతుందా ఇంట్లోనే చూసుకోండి.

మాంసం మోయడం. ఒకేసారి 35 కిలోలు మోసి ముగించేయాలన్న తొందర వద్దు. ఎముక తీసేసి, 12 నుంచి 15 కిలోల మూటలు చేసి, రెండు మూడు నడకలు వేయండి. చర్మం తీసి, ముక్కలు చేసి, నీడలో గాలి తగిలేలా వేలాడదీస్తే చలి రోజుల్లో మాంసానికి ఆ మాత్రం సమయం ఉంటుంది. జంతువును లాగాల్సి వస్తే వెనక్కి నడుస్తూ లాగకండి, మోకాలు మెలిపడేది అలాగే. నడుముకు పట్టీ కట్టుకుని ముందుకు చూస్తూ లాగండి. దిగుడులో అది మీ మీదికి జారకుండా వెనక మరొకరు తాడు పట్టుకోవాలి.

నొప్పి మాత్ర వేసుకుని వేటకు బయలుదేరొద్దు. ఆగమని చెప్పే నొప్పిని అది దాచేస్తుంది. మత్తు కలిగించే నొప్పి మందు వేసుకున్న రోజు తుపాకి ముట్టకూడదు. పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. జ్వరంతో మోకాలు ఎర్రబడి వేడిగా ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. రెండింటికీ వెంటనే ఆస్పత్రికి.

అడవిలో మోకాలు ‘టప్’మని, రెండు మూడు గంటల్లోనే ఉబ్బితే లోపల రక్తం చేరిందని అనుకోవాలి. నడవగలిగినా బరువు దించేయండి. పరుపుచాపను మడిచి కాలి చుట్టూ వేసి, రెండు కర్రలు పక్కల పెట్టి, మోకాలికి పైనా కిందా కట్టండి. మోకాలు మడిచిన చోటే ఇరుక్కుపోతే బలవంతంగా చాచకండి, మెనిస్కస్ ముక్క మధ్యలో చిక్కుకుని ఉండవచ్చు. ఎక్కడున్నారో, ఎన్నింటికి తిరిగి రావాలో ముందే ఇంకొకరికి చెప్పి ఉండాలి. ఫోన్ అందని చోటికి వెళ్ళేవాళ్ళు ఉపగ్రహ సందేశ పరికరం పెట్టుకోండి. అది సంచి అడుగున వద్దు, పడిపోయినా చెయ్యి అందే ఛాతీ జేబులో ఉండాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. బ్రేస్‌లు తెచ్చుకున్నవాళ్ళు వేసుకుని ముందుకు రండి, పట్టీలు ఇక్కడే సరిచూద్దాం.