నాలుగు చక్రాలు కడగడానికి నాలుగు వేల తొమ్మిది వందలు! | జర్మనీలో మా శనివారం

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఇవాళ వంట లేదు, షాపింగ్ లేదు. ఇవాళ చక్రాలు. అవునండీ, కారు చక్రాలే. ఇదిగో, మా సెల్లార్‌లో గోడకి ఆనించి ఉన్నాయి నాలుగూ. వీటి అసలు రంగు వెండి రంగట, నమ్ముతారా? వేలితో రుద్దితే వేలు నల్లబడుతోంది గానీ చక్రం మాత్రం తెల్లబడట్లేదు.

ఈ వీడియో మా బాబాయి కోసం. ఆయనకి విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు ఉండేది. మొన్న వీడియో కాల్‌లో పాపని చూపిస్తుంటే వెనకాల ఇవి కనబడ్డాయి. అంతే, పాపని వదిలేశారు. "అదేంటమ్మా, బెంజి కార్లు తయారయ్యే చోట ఉండి చక్రాలు అలా పెట్టుకున్నారు?" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. మేముండేది స్టుట్‌గార్ట్ పక్కన బోబ్లింగెన్‌లో, పక్క ఊరే సిండెల్ఫింగెన్, అక్కడే ఆ ఫ్యాక్టరీ. మాది మాత్రం పాత బండేలెండి.

ఇంతకీ ఈ చక్రాలు ఇంట్లో ఎందుకున్నాయంటే, ఇక్కడ కారుకి రెండు సెట్లు ఉంటాయి. ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి. ఇది షోకు కాదు, చట్టం. రోడ్డు మీద మంచు ఉన్నప్పుడు చలికాలపు టైర్లు లేకుండా బండి తీసి దొరికితే 60 యూరోలు ఫైను, పైగా డ్రైవింగ్ రికార్డులో తప్పు కింద ఒక పాయింటు. యూరోకి వంద చొప్పున వేసుకోండి, పైన చిల్లర వదిలేయండి, ఆరు వేలు! అక్టోబర్ నుంచి ఈస్టర్ దాకా చలికాలపు టైర్లు అని వీళ్ళకో లెక్క.

కొత్త సెట్టు అల్లాయ్‌లతో కలిపి కొంటే లక్ష దాటుతుంది. అందుకని మే నెలలో వెతికాం. మే నెలలో చలికాలపు టైర్లు ఎవరు కొంటారు చెప్పండి? సెకండ్‌హ్యాండ్ సామాన్ల యాప్‌లో 180 యూరోలకి దొరికాయి, పద్దెనిమిది వేలు. అమ్మినావిడ గ్యారేజీలో ఏళ్ళ తరబడి కడగకుండానే పడున్నాయి. టైరు పక్కన ఈ నాలుగంకెలు చూడండి, 3521. అంటే 2021లో 35వ వారం తయారైందని. కొండ మీద మంచురేకు బొమ్మ కూడా ఉంది. 2024 అక్టోబర్ నుంచి ఈ బొమ్మ లేకపోతే చలికాలపు టైరు కింద లెక్కలోకి రాదు. గాడి లోతు 5 మిల్లీమీటర్లు ఉంది. చట్టం 1.6 చాలంటుంది గానీ చలికాలానికి 4 ఉండాలని ఇక్కడి వాహనదారుల క్లబ్బు చెబుతుంది. టైర్లు బాగున్నాయి, చక్రాలే దరిద్రంగా ఉన్నాయి.

మా ఆయన పనిచేసేది బ్రేకుల టెస్టింగ్‌లోనే. అడిగితే చాలు, క్లాసు మొదలు. బ్రేకు తొక్కినప్పుడు ప్యాడూ అరుగుతుంది, ఇనప డిస్కూ అరుగుతుంది. ఆ పొడి వేడివేడిగా ఎగిరొచ్చి చక్రం మీది లక్కరు పూతలో గుచ్చుకుంటుంది. దానికి నీళ్ళు, చలికాలం రోడ్డు మీద చల్లే ఉప్పు తగిలితే అక్కడే తుప్పు పడుతుంది. ఇక బట్టతో తుడిస్తే ఏం పోతుంది? యూరప్ బళ్ళకి వేసే ప్యాడ్లు గట్టిగా పడతాయి, పొడి కూడా బాగా రాలుస్తాయట. హైవేలో కొన్నిచోట్ల స్పీడు లిమిటే ఉండదు, నూటయాభైలో పోతూ ముందు ట్రాఫిక్ ఆగితే ఎలా తొక్కుతారో మీరే ఊహించుకోండి. మనవైపు చిన్న కార్లకి చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులే కదా, పొడి డ్రమ్ములోనే ఉండిపోతుంది. అదీగాక వాచ్‌మన్ పొద్దున్నే రోజూ కడిగేస్తాడు.

ఇంకో మాట కూడా చెప్పారు, వినండి. యూరో 7 అని యూరప్‌లో బళ్ళ కాలుష్యం మీద కొత్త నిబంధన, 2026 నవంబర్ 29 నుంచి కొత్త మోడళ్ళకి. మొదటిసారి పొగకే కాదు, బ్రేకు పొడికీ లెక్క పెట్టారు. గాల్లో తేలే సన్నటి పొడి పెట్రోలు, డీజిల్ కార్లకి కిలోమీటరుకి 7 మిల్లీగ్రాములు దాటకూడదు, బ్యాటరీ కార్లకి 3. ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లు తిరిగామనుకోండి, ఏడు చొప్పున వేస్తే నూట అయిదు గ్రాములు! పావుకిలోకి సగం కూడా కాదు కదా అంటారు మా ఆయన. ఊళ్ళో ఉన్న కార్లన్నిటికీ లెక్కెయ్యండి మరి. స్టుట్‌గార్ట్ కొండల మధ్య గుంటలో ఉంటుంది, గాలి కదలదు. ఊపిరి పీల్చుకునేది మనమే కదండీ.

సరే, చక్రాలు పైకి మోసుకొచ్చామా? మెట్ల నిండా నల్ల పొడి. సరిగ్గా అప్పుడే కింది ఫ్లోర్ ఆవిడ బయటికొచ్చారు. మాటేం అనలేదు, మా తలుపుకి వేలాడుతున్న బోర్డు వైపు ఒక్క చూపు చూశారు. ఆ బోర్డు సంగతి చెప్పాలి మీకు. ఈ ప్రాంతంలో అపార్ట్‌మెంట్ మెట్లు, ముందున్న నడకదారి వంతులవారీగా మనమే ఊడవాలి. ఎవరి వారమైతే వాళ్ళ తలుపుకి బోర్డు. ఈ వారం మాదే! పనివాళ్ళూ ఉండరు, వాచ్‌మనూ ఉండడు. పైగా ఈ పొడిని చీపురుతో లేపకూడదు, ముక్కులోకి పోతుంది. తడిగుడ్డతో మూడు అంతస్తుల మెట్లూ తుడిచాను. మెట్లు తుడవడానికి జర్మనీ దాకా వచ్చానా అని నవ్వొచ్చింది. మా అత్తయ్యగారు ఈ వీడియో చూడకపోతే బాగుణ్ణు.

ఇక కడగడం. మా వీధిలో ఇంటి ముందు కారు కడగడానికి లేదండీ. ఆ నీళ్ళు వాననీటి కాలవలో కలిసి నేరుగా వాగులోకి పోతాయి, అందులో నూనె, సబ్బు, ఈ లోహపు పొడి. అందుకే నూనె వడకట్టే ఏర్పాటు ఉన్న చోటికే తీసుకెళ్ళాలి. బాబాయి ఫోన్‌లో "డీజిల్లో గుడ్డ ముంచి పట్టించవే, నిమిషంలో పోద్ది" అంటున్నారు. డీజిల్‌తో తారు మచ్చలు పోతాయి బాబాయ్, ఇనుము పోదు. పైగా ఇక్కడ డీజిల్ కాలవలోకి వదిలితే నేను పోతాను జైలుకి. బాత్రూమ్ యాసిడ్ ఆలోచన కూడా చెయ్యకండి ఎవరూ. పూతనీ తినేస్తుంది, కింద అల్యూమినియంనీ తినేస్తుంది.

ఇది సెల్ఫ్ వాష్ షెడ్డు. నాణెం వేస్తే నీళ్ళు, నాణెం అయిపోతే ఠక్కున ఆగిపోతాయి. చాలా షెడ్లలో మనం తెచ్చుకున్న క్లీనింగ్ మందులు వాడనివ్వరు. ఇక్కడి పెద్దాయన్ని ముందే అడిగాం. సీసా తిప్పి తిప్పి చదివి, యాసిడ్ లేదని తేలాక, చివరి షెడ్డు చూపించారు.

ముందు ఉత్త నీళ్ళు. ప్రెషర్ గన్ టైరుకి మరీ దగ్గర పెట్టకూడదు, రబ్బరు దెబ్బతింటుంది. తర్వాత ఇనప పొడిని ఊడదీసే ఈ మందు కొట్టాలి. చక్రం చల్లగా ఉండాలి, నీడలో ఉండాలి, మందు ఎండిపోకూడదు. ముందువైపే కాదు, వెనక లోపలంతా కొట్టాలి, అసలు మురికి అక్కడే. ఇప్పుడు చూడండి మ్యాజిక్! తెల్లగా ఉన్న మందు ఇనుము తగిలిన చోటల్లా రంగు మారుతోంది. ఇదిగో, ఈ పుల్లల మధ్య నుంచి నేరేడుపండు పిండినట్టు ఊదారంగు ధారలు ఎలా కారుతున్నాయో! చుక్కగా మొదలవుతుంది, చుక్క గీతవుతుంది, గీతలన్నీ కలిసి బోల్టు గుంటలో మడుగు కడతాయి. పాప అయితే గంతులే.

కానీ కంపు ఉంది చూశారూ, తలనొప్పి వచ్చేంత. బ్యూటీ పార్లర్‌లో జుట్టు రింగులు తిప్పడానికి పెట్టే మందు వాసన గుర్తుందా? అదే ఇది, థయోగ్లైకోలేట్. జుట్టుని వంచేదీ ఇదే, ఇనుముని ఊడదీసేదీ ఇదే. చేతికి గ్లౌజులు తప్పనిసరి.

నాలుగైదు నిమిషాలాగి మెత్తటి బ్రష్‌తో రుద్ది కడిగేశాం. మళ్ళీ కొట్టాం. రెండోసారి ఊదారంగు తగ్గింది. బాబాయి మాత్రం ఫోన్ పెట్టట్లేదు. "ఆ వెనక చూపించు. ఆ అంచు చూపించు. వాల్వు దగ్గర రుద్దలేదు, అక్కడ రుద్దు." షాపు తీసేశాక ఆయన్ని ఇలాంటివి అడిగేవాళ్ళే లేరు. మాకూ ఇక్కడ శనివారం పూట పక్కన నిలబడి ఇలా రుద్దు, అలా రుద్దు అనేవాళ్ళు ఎవరున్నారు? అందుకే ఫోన్‌ని నీళ్ళ బకెట్టుకి ఆనించి అలాగే ఉంచేశాను.

మిగిలిన గరుకుని క్లే ముద్దతో, అంటే మురికిని అంటించుకుని లాగే మెత్తటి బంకమట్టి లాంటి దానితో, తీశాం, సబ్బునీళ్ళు చల్లుతూ. గోటితో తాకితే ఇప్పుడు గాజులా జారుతోంది. మూడు చక్రాలు కొత్తవే అనుకోండి! నాలుగోదాని అంచున మాత్రం పూత కింద ఈ తెల్లటి సన్న గీతలు చూడండి, పురుగు పాకిన దారిలా. ఉప్పు లోపలికి దిగి అల్యూమినియం తినేసింది. ఇది ఏ సీసాతోనూ పోదు, పూత గీకి మళ్ళీ వేయించాల్సిందే. మేం వేయించట్లేదు, ఆ చక్రం వెనక ఎడమవైపుకి. ఎవరు చూడొచ్చారు?

పెద్దాయన వచ్చి నాలుగింటినీ చూసి, ఏం అనకుండా వెళ్ళిపోయారు. ఇక్కడ తప్పు పట్టకపోతే మెచ్చుకున్నట్టే అండీ, నేను రాసుకుంటాను దాన్ని.

ఖర్చు చెప్తా: మందు 14, బ్రష్‌లు 9, క్లే 12, పైన పూసే వ్యాక్స్ 8, నాణేలు 6. మొత్తం 49 యూరోలు, నాలుగు వేల తొమ్మిది వందలు. ఈ డబ్బుతో మన దగ్గర నెలలకి నెలలు కారు కడిగించుకోవచ్చని కామెంట్ పెడతారు, తెలుసు నాకు. పెట్టండి. మందు సగం సీసా మిగిలింది, ఎండాకాలం సెట్టుకి పనికొస్తుంది.

ఇప్పుడు సెల్లార్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చేస్తున్నాం. ఈ టైర్ల మీద తిరిగే దిక్కు బాణం గుర్తు ఉంది, కుడివి ఎడమకి వేయకూడదు. అందుకని సుద్దముక్కతో పెద్దగా రాసేశాను, "ముందు కుడి", "ముందు ఎడమ" అని. అక్టోబర్‌లో మెకానిక్ ఎలా చదువుతాడే అంటున్నారు మా ఆయన. బిగించేది మనమే కదా, బోల్టు ఎంత గట్టిగా బిగించామో చూపే టార్క్ రెంచీ ఉంది, మా బండికి 120 న్యూటన్ మీటర్లు, యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూసుకోవడం. బాబాయి అప్పుడు కూడా కాల్‌లో ఉంటానన్నారు. బ్రేకు ప్యాడ్లు ఎంత మిగిలాయో కూడా చూపించాలట, ముందే చెప్పేశారు.