కమీజు ఎన్ని ఊళ్లు తిరిగిందో!

శ్రోతలకు నమస్కారం. మనం చొక్కా అంటాం, అంగీ అంటాం. తెలంగాణలో పాతతరం వాళ్లు కమీజు అని కూడా అనేవాళ్లు. ఈ పూట నా మాటలన్నీ ఆ కమీజు గురించే.

కమీజు మనకు ఉర్దూ నుంచి వచ్చింది. ఉర్దూకి ఫారసీ మీదుగా అరబ్బీ నుంచి. అక్కడ అది ఖమీస్. ఖురాన్‌లోని యూసుఫ్ కథలో చిరిగిన చొక్కా ఈ ఖమీసే. యూసుఫ్ తన మీద చెయ్యి వేయబోయాడని యజమాని భార్య నింద వేస్తుంది. చిరుగు వెనకవైపు ఉంది కాబట్టి, పారిపోతుంటే ఆవిడే లాగిందని, తప్పు ఆయనది కాదని తేలుస్తారు.

మరి అరబ్బీకి ముందు? లాటిన్‌లోని కమీసియా దీనికి మూలమని ఎక్కువమంది భాషావేత్తల మాట. ఇక్కడ నాకు భలే ఇష్టమైన ముచ్చట ఒకటుంది, నెమ్మదిగా చెప్తాను.

4వ శతాబ్దం చివరి రోజులు. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ బెత్లెహేములో ఉంటున్నాడు. పూర్వం యూదు యాజకులు ఎలాంటి బట్టలు వేసుకునేవారో, రోములో ఉండే ఫాబియోలా అనే ఆవిడకు ఉత్తరంలో వివరిస్తున్నాడు. ఆ బట్టల్లో ఒంటిని అంటిపెట్టుకుని ఉండే నారబట్ట అంగీ ఒకటుంది. దాన్ని ఎలా చెప్పాలి? చదివేవాళ్లకు సులువుగా ఉండాలని జనం మాటే వాడతానంటాడు. సిపాయిలు కమీసియాలు అని వేసుకుంటారే, అలాంటిదంటాడు. ఒంటికి సరిగ్గా అమరుతుంది. పరుగెత్తినా, ఈటె విసిరినా, డాలు పట్టినా, కత్తి ఝళిపించినా అడ్డు రాదు.

చూడండి, అంత పండితుడు. సిపాయిల నోటి మాటను చిన్నచూపు చూడలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

అదే కమీసియా ఇంకో దారి పట్టి ఫ్రెంచిలో షెమీజ్ అయింది. అక్కడి నుంచి ఇంగ్లీషు, ఇంగ్లీషు నుంచి మన ఆడపిల్లల షిమ్మీ. తాత కమీజు, మనవరాలి షిమ్మీ ఒకే దండెం మీద ఆరాయన్నమాట. చుట్టాలని ఎవరికి తెలుసు!

చివరిగా ఒక్క మాట. మీ ఇంట్లో పెద్దవాళ్లని పాత బట్టల పేర్లు అడిగినప్పుడు, పేరొక్కటే రాసుకుని ఊరుకోకండి. జుబ్బా అన్నారనుకోండి, చేతులు ఎంత పొడుగు? కాలరుందా? గుండీలు ఎక్కడిదాకా? ఎవరు వేసుకునేవాళ్లు, రోజూనా, పెళ్లిళ్లకేనా? ఏ ఊళ్లో అలా అనేవాళ్లు? అవన్నీ పేరు పక్కనే రాయండి. జెరోమ్ అలా రాశాడు కాబట్టే కమీసియా ఎలా ఉండేదో మనకు తెలిసింది. అడిగితే పెద్దవాళ్లు సంతోషంగా చెప్తారు, టైమ్ మాత్రం కాస్త ఎక్కువ పెట్టుకుని కూర్చోండి.

సెలవు.