పొగమంచుని కాగితానికి అప్పగించిన బ్రూనో మునారి

నమస్తే అండీ. ముందు ఈ పేజీ చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. నల్లటి బొమ్మ వెనకాల ఇంకేదో మసగ్గా కనిపిస్తోంది కదా? అది తర్వాతి పేజీలోని బొమ్మ. ఈ కాగితం ట్రేసింగ్ పేపర్. పేజీ తిప్పితే ఆ మసక బొమ్మ స్పష్టంగా ముందుకొస్తుంది, దాని వెనక మళ్లీ ఇంకోటి. పొగమంచులో నడిచినా అంతే కదా, నాలుగడుగులు వేస్తే గానీ ఎదురుగా ఉన్నదేంటో తెలీదు.

ఈ పుస్తకం పేరు ‘మిలాన్ పొగమంచులో’. 1968లో వచ్చింది. చేసిన ఇటలీ కళాకారుడు, డిజైనర్ బ్రూనో మునారి 1907లో ఆ మిలాన్‌లోనే పుట్టారు. పొగమంచు బొమ్మ ఎవరైనా గీస్తారు. ఈయన ఆ పని కాగితానికే అప్పగించేశారు.

మధ్యలో సర్కస్ వస్తుంది. ఒక్కసారిగా రంగు కాగితాలు, వాటికి గుండ్రటి కన్నాలు, అందులోంచి తొంగిచూసే పక్క పేజీ ముక్కలు. నాకైతే ఇక్కడ కాస్త గడబిడ ఎక్కువైందనిపించింది. తర్వాత పార్కు మీదుగా మళ్లీ మంచులోకి వెళ్లాక ప్రాణం లేచొచ్చింది.

ఆయన డిజైన్ పనిలోనూ ఇదే అల్లరి. 1964లో డనేసే కంపెనీకి చేసిన ఫాక్లాండ్ దీపం ఉంది. స్టాకింగ్స్‌కి వాడే సాగే గుడ్డ గొట్టం, లోపల చిన్నా పెద్దా లోహపు రింగులు, అంతే. పైనుంచి వేలాడదీస్తే బరువుకి గుడ్డ సాగి ఆకారం దానంతటదే వచ్చేస్తుంది. కిందికి దించితే అప్పడంలా అణిగి పెట్టెలో పట్టేస్తుంది. శిల్పాలదీ అదే దారి. 1958 నుంచి ‘ప్రయాణ శిల్పాలు’ చేశారు. మడిచి సూట్‌కేసులో పెట్టుకుని, హోటల్ గదిలో విప్పి నిలబెట్టుకోవడమే.

1945లో ఒక కుర్చీ కూడా గీశారు, ‘చాలా కొద్దిసేపు ఉండే అతిథుల కోసం’ అని. కూర్చునే పలక ఏటవాలుగా ఉంటుంది. మన ఇళ్లలో వేస్తే కాఫీ వచ్చేలోపే చుట్టాలు జారిపోతారు! జోక్‌గా భలే ఉంది, రెండోసారి చూడటానికి మాత్రం అందులో ఏమీ లేదు. దీపం అలా కాదు.

ఇక పుస్తకం కొనాలా? మూడేళ్లలోపు పిల్లలుంటే వద్దు, ట్రేసింగ్ పేపర్ ఇట్టే చిరిగిపోతుంది. వాళ్లకోసం మునారి 1980లో ‘ప్రీలిబ్రి’ అని అరచేతిలో పట్టే 12 బుల్లి పుస్తకాలు చేశారు. చెక్క, గుడ్డ, ప్లాస్టిక్, ముట్టుకుని చూడటమే చదవడం. ఐదారేళ్ల పిల్లలకైతే ఈ పొగమంచు పుస్తకమే కొనండి, మాటలు ఎలాగూ తక్కువే. ఒక్కటే జాగ్రత్త: పేజీలని దీపానికి ఎదురుగా పట్టకండి, ముందున్నవన్నీ కనిపించేసి మజా పోతుంది.