పాత ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ ఎంచుకునే ముందు

సభకు నమస్కారం.

ఆన్ చేసి, తెర మీద గుర్తులన్నీ వచ్చేశాక కూడా బ్రౌజర్ తెరుచుకోవడానికి నిమిషాల తరబడి ఎదురుచూడవలసిన ల్యాప్‌టాప్ మీలో చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. ప్రాసెసర్ పాతబడిపోయిందనుకుని అలాంటి దాన్ని మూలన పెట్టేస్తుంటాం. నిజానికి చాలాసార్లు ఆ ప్రాసెసర్ చేతిలో పని లేక ఖాళీగా ఉంటుంది. దానికి కావలసిన సమాచారాన్ని హార్డ్‌డిస్క్ సమయానికి అందించలేకపోవడమే అసలు ఇబ్బంది.

ల్యాప్‌టాప్‌లలో వచ్చిన హార్డ్‌డిస్క్‌లలో ఎక్కువ భాగం నిమిషానికి 5400 సార్లు తిరిగేవి. ఆ లెక్కన ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం, ఆ ముల్లు సరైన వరుసకు జరగడానికి మరో 12 మిల్లీసెకన్ల దాకా కావాలి. అందువల్ల డిస్క్ మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వందకు మించి అందించడం కష్టం. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదవవలసినవి అలాంటి చిన్న ఫైళ్లే, అవీ వేలల్లో ఉంటాయి. హార్డ్‌డిస్క్ స్థానంలో పెట్టే, తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకు పదివేల సార్లకు పైగా చేయగలదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే సెకనుకు 550 ఎంబీ అనే అంకె ఒకే పెద్ద ఫైలును వరుసగా చదివినప్పటి వేగం. మీకు రోజూ అనుభవంలోకి వచ్చే మార్పు ఆ అంకె వల్ల రాదు, ఈ వెతుకులాట తప్పడం వల్ల వస్తుంది.

ఈ సంగతి గుర్తుంటే ఎంపికలో సగం చిక్కులు విడిపోతాయి. డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపే సాటా పోర్టులో మూడు తరాలున్నాయి: సెకనుకు 1.5, 3, 6 గిగాబిట్లు. 6 గిగాబిట్ల ప్రమాణం 2009లో వచ్చింది కాబట్టి అంతకు ముందు తయారైన ల్యాప్‌టాప్‌లలో 3 గిగాబిట్ల పోర్టో, ఇంకా పాతదో ఉంటుంది. అందులో కొత్త డ్రైవ్ సెకనుకు 300 ఎంబీ దాటి పరుగెత్తలేదు, అయినా నిరాశ పడనవసరం లేదు, ఎందుకంటే చిన్న ఫైళ్ల విషయంలో లాభం దాదాపు అంతా దక్కుతుంది. క్రిస్టల్ డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాధనం మీ పోర్టు ఏ వేగంతో నడుస్తోందో చూపిస్తుంది.

సన్నని పలక లాంటి డ్రైవ్ పట్టే ఎం.2 స్లాటు ఉన్న ల్యాప్‌టాప్ అయితే మరింత జాగ్రత్త అవసరం. ఎం.2 అనేది కేవలం ఆకారం; దాని వెనుక సాటా ఉండవచ్చు, అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ అనే పద్ధతి ఉండవచ్చు. మా బంధువు ల్యాప్‌టాప్ కోసం నేనొకసారి ఎన్‌వీఎంఈ డ్రైవ్ తెచ్చాను. స్లాటులో చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా బిగిసింది, కాని కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్‌లో దాని జాడే లేదు. ఆ స్లాటుకు సాటా తీగలు మాత్రమే ఉన్నాయని తయారీదారు సర్వీసు మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంది. కొనే ముందే ఆ పేజీ చదవవలసిందన్న బాధతోనే ఈ మాట ఇంత నొక్కి చెబుతున్నాను. స్లాటు ఎన్‌వీఎంఈని గుర్తించినా, పాత బయోస్ దాని నుంచి బూట్ కాలేకపోవచ్చు. 2280, 2242 అనే అంకెలు వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 లేదా 42 అని చెబుతాయి. మీ స్లాటు దగ్గర స్క్రూ రంధ్రం ఎక్కడుందో కూడా చూడండి. 2.5 అంగుళాల డ్రైవ్‌లైతే ఇప్పుడు 7 మిల్లీమీటర్ల మందంతో వస్తున్నాయి. పాత అర 9.5 మిల్లీమీటర్లది అయితే పలచని ప్లాస్టిక్ చట్రం ఒకటి అవసరమవుతుంది.

ఇక డ్రైవ్ లోపలి సంగతి. ఎస్‌ఎస్‌డీ సమాచారాన్ని దాచే ఫ్లాష్ మెమరీలో రాసిన చోటే మళ్లీ రాయడం కుదరదు. ఒక పెద్ద గుంపునంతా చెరిపితేగాని అక్కడ కొత్తది పట్టదు. అందువల్ల ఏ సమాచారం ప్రస్తుతం ఎక్కడుందో చెప్పే పట్టికను డ్రైవ్‌ను నడిపే చిప్ అయిన కంట్రోలర్ నిరంతరం దిద్దుతూ ఉండాలి. 1 టీబీ డ్రైవ్‌కు ఆ పట్టిక సుమారు 1 జీబీ ఉంటుంది. డ్రైవ్‌లో సొంత డీర్యామ్, అంటే వేగమైన తాత్కాలిక మెమరీ, ఉంటే పట్టిక అందులో నిలుస్తుంది. అది లేని ఎన్‌వీఎంఈ డ్రైవ్ కంప్యూటర్ ర్యామ్‌లో కొంత అరువు తెచ్చుకోగలదు, సాటా డ్రైవ్‌కు ఆ వీలు లేదు. ర్యామ్ 4 జీబీయే ఉండి, మాటిమాటికీ డిస్క్ మీదికి సమాచారం మళ్లించే పాత ల్యాప్‌టాప్‌కు డీర్యామ్ లేని సాటా డ్రైవ్ పెడితే, మొదట్లో హాయిగా ఉన్నా, నిండేకొద్దీ తడబాటు మొదలవుతుంది. కొంచెం ఎక్కువ ఖర్చయినా డీర్యామ్ ఉన్నదే తీసుకోండి. అలాగే ఒక్కో గడిలో 4 బిట్లు పెట్టే క్యూఎల్‌సీ కంటే 3 బిట్లు పెట్టే టీఎల్‌సీ మేలు. క్యూఎల్‌సీలో వేగంగా రాసే తాత్కాలిక భాగం నిండిపోతే రాసే వేగం పాత హార్డ్‌డిస్క్ స్థాయికి పడిపోగలదు.

త్వరగా అరిగిపోతుందేమోనని చాలామంది అడుగుతారు. 250 జీబీ డ్రైవ్‌కు 150 టీబీ రాతలకు హామీ ఇవ్వడం మామూలే. రోజుకు 20 జీబీ రాసినా అది 20 ఏళ్ల పని. పరిమాణం విషయంలో 500 జీబీ తీసుకోమంటాను, ఎందుకంటే పదోవంతుకు పైగా ఖాళీ వదిలితేనే డ్రైవ్ సాఫీగా నడుస్తుంది.

బిగించే ముందు బయోస్‌లో సాటా ఏహెచ్‌సీఐ అనే పద్ధతిలో (డ్రైవ్‌తో కంప్యూటర్ మాట్లాడే తీరు ఇది) ఉందో లేదో చూడండి. చెరిపిన చోట్లను డ్రైవ్‌కు తెలియజేసే ట్రిమ్ ఆదేశం విండోస్ 7 నుంచి అందుబాటులో ఉంది, అంతకన్నా పాతదాన్ని పెట్టకండి. ట్రిమ్ వల్ల మరో పరిణామం ఉంది: పొరపాటున చెరిపిన ఫైలు తిరిగి దొరికే అవకాశం దాదాపు పోతుంది. పైగా హార్డ్‌డిస్క్ చెడిపోయే ముందు తరచుగా కిటకిటమని చప్పుడు చేసి హెచ్చరిస్తుంది, ఎస్‌ఎస్‌డీ మాత్రం ఏ చప్పుడూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోవచ్చు. అందుకే తీసిన పాత డిస్క్‌ను వెంటనే చెరపకండి. యూఎస్‌బీ డబ్బాలో బిగించి, కనీసం ఒక నెల అలాగే ఉంచండి. ఫొటోలూ పత్రాలూ కొత్త డ్రైవ్‌లో ఒక్కొక్కటిగా తెరిచి చూసుకుని, మరోచోట ఇంకొక ప్రతి దాచుకున్న తరువాతే దాన్ని ఖాళీ చేయండి.