శనివారం మధ్యాహ్నం ఆట: ఆల్ ఐర్లాండ్ లీగ్ గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. డబ్లిన్‌లో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి రగ్బీ అంటే ఆకుపచ్చ జెర్సీ, అవీవా స్టేడియం, సిక్స్ నేషన్స్ మ్యాచ్ రోజున రైల్లో కాలు పెట్టడానికి చోటు లేకపోవడం, అంతే. నేను చెప్పబోయేది ఆ మెరుపుల కింద నడిచే క్లబ్బుల ఆట గురించి. "అదింకా ఉందా?" అని ఇక్కడివాళ్లే కొందరు అంటుంటారు. ఉందండీ, బాగానే ఉంది.

1990కి ముందు ఏ ప్రావిన్స్ లీగ్ దానిది, ఏ ప్రావిన్స్ కప్పు దానిది. లీన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కానాక్ట్, నాలుగింటి క్లబ్బులనూ ఒకే పట్టికలోకి తెచ్చింది 1990-91లో మొదలైన ఆల్ ఐర్లాండ్ లీగే. ఫుట్‌బాల్‌లో ఉత్తరానికీ దక్షిణానికీ వేరువేరు లీగులున్నాయి. రగ్బీలో మాత్రం ఉత్తరాన, బ్రిటన్ కింద ఉన్న బెల్‌ఫాస్ట్ క్లబ్బు దక్షిణాన ఉన్న కార్క్‌కి వెళ్లి ఆడుతుంది, సరిహద్దు గోల లేదు.

మొదటి ఏడాది మన్‌స్టర్ క్లబ్బు కార్క్ కాన్‌స్టిట్యూషన్ గెలిచింది. దాంతో కలిపి వరసగా తొమ్మిది సీజన్లు టైటిల్ మన్‌స్టర్ దాటి బయటికి పోలేదు, అందులో ఏడు లిమరిక్ క్లబ్బులవే! అప్పటికి లక్ష జనాభా కూడా లేని ఊరది. డబ్లిన్‌లో రగ్బీ ఎక్కువగా ఫీజులు కట్టే స్కూళ్ల ఆట, లిమరిక్‌లో రేవులో పనిచేసేవాళ్లూ ఆడేవాళ్లు, పేటకో క్లబ్బు. గ్యారీఓవెన్, షానన్, యంగ్ మన్‌స్టర్ ఒకళ్లనొకళ్లు ఓడించడమే పండగలా చూసేవాళ్లు. 1993లో యంగ్ మన్‌స్టర్, డబ్లిన్ క్లబ్బు సెయింట్ మేరీస్ టైటిల్ కోసం లాన్స్‌డౌన్ రోడ్‌లో (ఇప్పుడు అవీవా ఉన్నచోట ఉండే పాత స్టేడియం) తలపడ్డాయి. అప్పట్లో ఫైనల్ అంటూ లేదు, లీగ్ ఆఖరి మ్యాచే తేల్చేసేది. క్లబ్ మ్యాచ్‌కి సుమారు 17 వేల మంది వచ్చారు, లిమరిక్ జట్టు కప్పు పట్టుకుపోయింది. మన్‌స్టర్ బయటి క్లబ్బు గెలవడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది, ఆ గెలిచింది కూడా సెయింట్ మేరీసే.

ఇంతలో 1995 ఆగస్టులో మనం చెప్పుకుంటున్న ఈ రగ్బీ (దీన్నే రగ్బీ యూనియన్ అంటారు) ప్రొఫెషనల్ ఆట అయిపోయింది. ఆటగాళ్లకి జీతాలెవరివ్వాలి? ఇంగ్లండ్‌లో క్లబ్బులే ఆ బరువు నెత్తినెత్తుకున్నాయి, డబ్బున్న ఓనర్లను నమ్ముకుని. ఐర్లాండ్‌లో రగ్బీని నడిపే సంస్థ మాత్రం కాంట్రాక్టుల్ని నాలుగు ప్రావిన్సుల చుట్టూ పెట్టింది. 2001లో ప్రావిన్సులు వేల్స్, స్కాట్లాండ్ జట్లతో ఆడే సెల్టిక్ లీగ్ వచ్చాక పెద్ద ఆటగాళ్లు క్లబ్ జెర్సీలో కనబడటమే అరుదైపోయింది, జనమూ టీవీలూ వాళ్ల వెంటే పోయాయి. పాతకాలం అభిమానులకి ఈ విషయంలో ఇప్పటికీ కడుపుమంట. వాళ్ల బాధ అర్థమవుతుంది గానీ నేను ఒప్పుకోను. 2022లో వూస్టర్, వాస్ప్స్, ఆ మరుసటి ఏడాది లండన్ ఐరిష్, అప్పులతో కుప్పకూలి ఇంగ్లండ్ టాప్ లీగ్ నుంచే మాయమయ్యాయి. ఇక్కడ షానన్‌కి జనం తగ్గారేమో గానీ, జీతాల బిల్లు చూసి షానన్ మూతపడలేదు కదా.

ఇప్పుడు లీగ్ ఎలా నడుస్తుందంటే, 50 క్లబ్బులు, ఐదు డివిజన్లు, ఒక్కోదాంట్లో పది. పైనుంచి 1ఏ, 1బీ, 2ఏ, 2బీ, 2సీ. అందరితో సొంత గ్రౌండ్‌లో ఒకసారి, వాళ్ల గ్రౌండ్‌లో ఒకసారి, మొత్తం 18 మ్యాచ్‌లు. గెలిస్తే 4 పాయింట్లు, నాలుగు ట్రైలు (ట్రై అంటే బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకి ఆనించడం) కొడితే ఒకటి అదనం, ఏడు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడినా ఒకటి. 1ఏలో మొదటి నలుగురికి సెమీఫైనల్స్, ఫైనల్ అవీవాలో. అసలు టెన్షన్ అడుగున ఉంటుంది చూడండి, 2సీలో ఆఖరున నిలిస్తే జాతీయ లీగ్ నుంచే బయటికి, మళ్లీ ప్రావిన్స్ జూనియర్ లీగ్‌కి. డబ్బుతో నడిచే పెద్ద టోర్నీలో ప్రావిన్సులకి ఆ భయమే లేదు, ఎంత చెత్తగా ఆడినా వచ్చే ఏడాది అక్కడే ఉంటాయి! మహిళలకీ ఆల్ ఐర్లాండ్ లీగ్ ఉంది, అది వేరే ప్రసంగానికి సరిపడా కథ.

పైగా ఇంతవరకూ గెలవని క్లబ్బులకి దారి మూసుకుపోలేదు. టెరెన్యూర్ కాలేజ్ మొదటిసారి టైటిల్ కొట్టింది 2023లోనే.

చూడాలనుకుంటే డబ్లిన్‌లోనే క్లాంటార్ఫ్ క్లబ్బు గ్రౌండ్ క్యాసిల్ అవెన్యూలో ఉంది, లాన్స్‌డౌన్ క్లబ్బు అయితే అవీవా పక్కనున్న గ్రౌండ్‌లోనే ఆడుతుంది. మ్యాచ్‌లు ఎక్కువగా శనివారం మధ్యాహ్నం, గొడుగు పట్టుకెళ్లండి. స్క్రమ్ (రెండు జట్ల ఆటగాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుని, వంగి ఎదురెదురుగా తోసుకోవడం) ఎందుకు పదే పదే కూలుతుందో అడగాలనుకునేవాళ్లు ఇప్పుడు అడగండి, నాకు తెలిసినంత చెప్తాను.