ఆటలోని జగ్గు, మన ఇంటి చెంబు

పెద్దలకు నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. పర్లాకిమిడిలో మనకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు. ఈ రోజు మాత్రం కంప్యూటర్ పని గురించి, అంటే కంప్యూటర్ ఆటల్లోని వస్తువులకు పైబొమ్మలు గీయడం గురించి కూడా తెలుగులోనే మాట్లాడుకుందాం.

ఆటలో మీకు కనిపించే ప్రతి వస్తువూ లోపల డొల్ల. చిన్న చిన్న త్రికోణాలు అతికించి చేసిన డొల్ల. దాని మీద చుట్టిన బొమ్మే టెక్స్చర్. వెదురు బద్దలతో బొమ్మ కట్టి, పైన కాగితం అంటించి రంగు వేస్తారు చూడండి, అలాంటిదే. ఏ కాగితం ముక్క ఎక్కడ అంటించాలో చెప్పే పటాన్ని యూవీ మ్యాప్ అంటారు. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్విన్ క్యాట్‌మల్ 1974లోనే తన పరిశోధనలో ఈ పద్ధతిని చూపించారు.

నేను పని చేసేది స్కైరిమ్ అనే ఆట మీద. అది 2011లో వచ్చింది. అప్పటి ఆట యంత్రాలైన ఎక్స్‌బాక్స్ 360లో, ప్లేస్టేషన్ 3లో మొత్తం మెమరీ 512 ఎంబీ. కొండలూ కోటలూ మనుషులూ అన్నీ అందులోనే సర్దాలి. అందుకే బుట్టలకూ జగ్గులకూ చిన్న చిన్న బొమ్మలే దక్కాయి. తర్వాత 2012 ఫిబ్రవరిలో ఆట చేసిన కంపెనీయే కంప్యూటర్ల కోసం పెద్ద సైజు టెక్స్చర్లను ఉచితంగా ఇచ్చింది. ఆటను అభిమానులు తమకు నచ్చినట్టు మార్చుకోవడాన్ని మోడ్ అంటాం. అందులో తేలికైనది టెక్స్చర్ మార్చడం. అదే పేరుతో, అదే ఫోల్డర్ దారిలో మన ఫైలు పెడితే చాలు, ఆట పాతదాన్ని వదిలి మనదాన్ని తీసుకుంటుంది.

మొదట్లో నేను ఆటలోని వెండి జగ్గు బొమ్మను తీసుకుని, ఏఐ సాఫ్ట్‌వేర్‌తో నాలుగింతలు పెద్దది చేశాను. గీతలు పదునెక్కాయి, చూడగానే బాగుందనిపించింది. రెండు రోజులు చూశాక మనసుకు పట్టలేదు. మరక పెద్దదైంది గానీ, ఆ మరక అక్కడ ఎందుకు పడిందో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలీదు కదా!

ఆ జవాబు మా వంటింట్లో దొరికింది. మా ఇంట్లో బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబు ఒకటి ఉంది. నాయనమ్మ దాన్ని రోజూ చింతపండుతో తోమేది. ఒక సాయంత్రం దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. అంచు తళతళలాడుతోంది, ఎందుకంటే అందరి చేతులూ అక్కడే తగులుతాయి. మెడ కింద చెక్కిన గీతల్లోకి చింతపండు వెళ్లదు, అక్కడ నల్లటి పచ్చదనం నిలిచిపోయింది. సొట్ట పడిన చోట గుంట మసకగా ఉంది, గుంట అంచు మెరుస్తోంది. అడుగున గచ్చు మీద ఈడ్చిన గీతలు. ఒంటి మీద మాత్రం సన్నటి గీతలన్నీ గుండ్రంగా తిరిగాయి, తోమే చెయ్యి అలాగే తిరుగుతుంది గనక. అన్ని గీతలకూ కారణం ఉంది. నా జగ్గు మీద ఒక్క గీతకూ కారణం లేదు.

ఆ జగ్గు బొమ్మను మళ్లీ మొదటినుంచి గీశాను. రంగు ఒక ఫైలు. ఎత్తుపల్లాలు ఇంకో ఫైలు, దాన్ని నార్మల్ మ్యాప్ అంటారు. స్కైరిమ్‌లో ఆ ఫైలు పేరు చివర అండర్‌స్కోర్ ఎన్ ఉంటుంది. ఎక్కడ ఎంత మెరవాలో చెప్పే సమాచారం దాని ఆల్ఫా చానెల్‌లో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలకు తోడుగా ఉండే నాలుగో పొరలో దాగి ఉంటుంది. చాలామంది రంగు మీదే నెలలు గడిపి, ఈ ఆల్ఫాను ఒకే బూడిద రంగుతో నింపేస్తారు. అప్పుడు వెండి ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. నేనైతే సగం సమయం ఇక్కడే పెడతాను. అంచుకు తెలుపు, గీతల లోపల నలుపు, ఒంటికి మధ్యరకం. ఇంకో జాగ్రత్త: నార్మల్ మ్యాప్‌లో ఆకుపచ్చ చానెల్ తలకిందులైతే చెక్కిన గీతలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఏదో తేడాగా ఉందనిపిస్తే ముందు అదే చూడండి.

ఇక ఫోటోల సంగతి. కొన్ని వస్తువులకు ఫోటో తీసి, దాన్నే టెక్స్చర్‌గా మార్చవచ్చు. మొదటి బుట్టను మిట్టమధ్యాహ్నం ఎండలో తీశాను. దాని నీడ టెక్స్చర్‌లో కలిసిపోయింది. ఆటలో దీపం కుడివైపున ఉంటే, బుట్టకు నీడ కూడా కుడివైపే! వారం పని పోయింది. మహేంద్రగిరి మీంచి మబ్బు దిగి, ఊరంతా ఒకే వెలుతురు పరుచుకునే ఆషాఢం రోజులు మన పనికి వరం. ఫ్లాష్ వాడకండి. మెరిసే పాత్రలకు ఫోటో పనికిరాదు, అందులో ఆకాశమూ మీ ముఖమూ పడతాయి. వాటిని చూసి చేత్తో గీయాల్సిందే. బుట్టకు ఫోటో బాగా పని చేస్తుంది. మేదరులు అల్లిన బుట్టను దగ్గర్నుంచి చూస్తే, వెదురు పైతోలు వైపు నిగనిగలాడుతుంది, లోపలి వైపు మసకగా ఉంటుంది.

ఆ ఆటలో ఇనుప శిరస్త్రాణానికి రెండు కొమ్ములుంటాయి. కొమ్ము ఎలా ఉంటుందో మన ఊరివాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు? కొమ్ముతో కొంగలూ దువ్వెనలూ చేసే వీధులు మనవి. మొదలు దగ్గర గరుకు, మెట్టు మెట్టుగా ముడతలు, కొసకు వచ్చేసరికి నున్నగా, గట్టిగా. నా శిరస్త్రాణం కోసం పనివాళ్ల దగ్గర కూర్చుని చూశాను. అడిగితే సాన పట్టని కొమ్మును కూడా చేతికిచ్చారు.

అంతమాత్రాన మన వస్తువులను ఆటలోకి తెచ్చిపెట్టమని కాదు. అది మంచు దేశం కథ. అక్కడి జగ్గు అక్కడిదిగానే ఉండాలి. మనం తీసుకెళ్లేది అరుగుదలను. మన కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు చాలా అందమైనవే. అవి దేవతల కోసం, పితరుల కోసం వేసేవి. వాటిని తీసుకెళ్లి దొంగల గుహకు అలంకారంగా అంటించడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. ఒట్టి మట్టిగోడ కావాలంటే ఆ ఇంటివాళ్లను అడిగి ఫోటో తీసుకోండి. మోడ్ చేసే ఇంకొకరి టెక్స్చర్ వాడుకోవాలన్నా అంతే, ముందు అడగాలి.

ఇక సైజు. ఒక్కో వైపు 4096 పిక్సెళ్లున్న చదరం అంటే, కుదించకపోతే 64 ఎంబీ. ఆటల టెక్స్చర్లకు వాడే బీసీ7 అనే పద్ధతిలో కుదిస్తే 16 ఎంబీ. దూరం నుంచి చూడటానికి చేసే చిన్న ప్రతులు, అంటే మిప్‌మ్యాప్‌లు కలిస్తే మూడోవంతు ఎక్కువ. తెరమీద బొటనవేలంత కనిపించే జగ్గుకు ఇంత ఎందుకు? 1024 చాలు, అది కుదిస్తే ఒక్క ఎంబీ. మన పిల్లల దగ్గర ఉన్నవి పాత ల్యాప్‌టాప్‌లు. వాటిలో ఆట తడబడకుండా నడవాలి, అందుకే 4కె (అంటే ఆ 4096 సైజు) పేరుతో పోటీ పడటం నాకు నచ్చదు.

దుకాణంలో కొనాల్సింది ఏమీ లేదు. బొమ్మలు గీసే గింప్, క్రిటా, త్రీడీ వస్తువులు చేసే బ్లెండర్, ఈ సాఫ్ట్‌వేర్లు మూడూ ఉచితం. నాయనమ్మ చెంబు ఈ సంచిలో తెచ్చాను. ముందు అది మీ చేతుల్లోకి వస్తుంది, ఒక్కొక్కరూ ఒక మరక చూసి, అది ఎందుకు పడిందో నాకు చెప్పండి. తర్వాత ప్రొజెక్టర్ వేసి, ఆ మరకను జగ్గు మీద గీద్దాం.